రూతు మాస్కు లేకుండా వచ్చిన రోజు

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. దయ్యాలన్నా ఆత్మలన్నా నాకు నమ్మకం లేకపోవడమే కాదు, నమ్మేవాళ్ళంటే కొంచెం చిరాకు కూడా. మా బడిలో పాత బాత్‌రూముల దగ్గర ఏదో తిరుగుతోందని ఆడపిల్లలు భయపడి గుంపులుగా వెళుతుంటే, నేనొక్కదాన్నే వెళ్ళి తలుపులన్నీ బార్లా తీసి, "చూడండే, బల్లులు తప్ప ఏమీ లేవు" అని చూపించినదాన్ని. జబ్బు చేసి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినప్పుడు మా అత్తగారు దిష్టి తీస్తానన్నా ఒప్పుకోలేదు.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. నా విద్యార్థులెవరైనా చదివితే నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇందులో నేను సిగ్గుపడాల్సినవి కూడా ఉన్నాయి. అవి దాచిపెడితే మిగతాది చెప్పీ ప్రయోజనం లేదు.

మాది నరసరావుపేట. మా ఆయనకు ట్రాక్టరు స్పేర్ పార్టుల షాపు ఉంది. నాకు నలభై రెండేళ్ళున్నప్పుడు, డిసెంబరులో, పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం కారడం మొదలైంది. మేడ మీది తరగతికి మెట్లెక్కితే ఆయాసం. చేతుల మీద ఎక్కడా దెబ్బ తగలకుండానే నీలి మచ్చలు. రక్తం తక్కువైందేమోనని ఊళ్ళో ల్యాబులో పరీక్ష చేయించుకున్నాను. ల్యాబు అబ్బాయి నాకు రిపోర్టు ఇవ్వకుండా మా ఆయన్ని లోపలికి పిలిచాడు. అప్పుడే అర్థమైంది.

అక్యూట్ ల్యుకేమియా. రక్త క్యాన్సర్లలో వేగంగా ముదిరే రకం. ఆ మర్నాడే గుంటూరులో ఒక ఆస్పత్రిలో చేరాను.

రూతు కూడా అదే రోజు చేరింది. నాకంటే పది నిమిషాల ముందు వచ్చిందట. ఆ పది నిమిషాల వల్ల కిటికీ పక్క మంచం ఆమెకు దక్కింది. గోడ పక్కది నాకు దక్కింది. నా అసూయ అక్కడ మొదలైందని చెప్తే నమ్ముతారో లేదో. చావు ముందు నిలబడిన మనిషి కిటికీ కోసం కుళ్ళుకుంటుందా అనిపించవచ్చు. కుళ్ళుకుంటుంది.

ఆమెకు ఇరవై మూడేళ్ళు. ఊరు నడికుడి. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్. పెళ్ళయి రెండేళ్ళు. తల్లి ఎలీసమ్మ మిరప కోతలకు వెళ్ళే మనిషి, కూతురి కోసం ఆ పని మానేసి ఆస్పత్రిలోనే ఉండిపోయింది. రూతుకు నేను టీచరునని తెలిసిన రోజు నుంచి "టీచరక్కా" అని పిలవడం మొదలుపెట్టింది. నేను మాత్రం అవసరమైతే తప్ప ఆమెను పిలిచేదాన్ని కాదు.

ఇద్దరికీ ఒకే జబ్బు. ఒకే మందు, ఒకే రోజు ఎక్కించారు. నేను మంచినీళ్ళు తాగినా కక్కేదాన్ని. ఆమె ఇడ్లీలు తిని, ఇంకోటి పెట్టమ్మా అని అడిగేది. ఇద్దరికీ జుట్టు రాలింది. ఆమె జడ చాలా పెద్దది. అది ఊడిపోతుంటే నాకు లోపల ఎక్కడో కొంచెం హాయిగా అనిపించింది. తీరా గుండయ్యాక అద్దంలో నేను మా నాన్నలాగా కనిపించాను. ఆమె చంటిపిల్లలాగా ముద్దొచ్చింది.

వారం తర్వాత పరీక్షలన్నీ వచ్చాయి. మా డాక్టరు గారు తక్కువ మాట్లాడే మనిషి. నేను టీచరునని, దాచకుండా చెప్పమని అడిగితే మంచం పక్కన నిలబడి చెప్పారు.

"ఈ జబ్బులో అందరిదీ ఒకే దారి కాదమ్మా. వయసు చూస్తాం. చేరిన రోజు తెల్లకణాలు ఎన్ని ఉన్నాయో చూస్తాం. క్యాన్సర్ కణాల క్రోమోజోముల్లో ఏ రకం మార్పు వచ్చిందో చూస్తాం, అది చాలా ముఖ్యం. ఆ తర్వాత, మొదటి కోర్సుతో ఎముక మజ్జ శుభ్రపడిందా లేదా అన్నది. వీటిని బట్టి ఒక అంచనాకు వస్తాం."

"మరి నావి?"

"తెల్లకణాలు బాగా ఎక్కువగా ఉన్నాయి. క్రోమోజోములు మనకు అనుకూలమైన రకం కాదు. మందు గట్టిగానే వేయాలి. తర్వాత మజ్జ మార్పిడి అవసరం పడొచ్చు. మీకు తోడబుట్టినవాళ్ళు ఉన్నారా?"

ఒక తమ్ముడు ఉన్నాడని చెప్పాను.

తర్వాత ఆయన రూతు మంచం దగ్గరికి వెళ్ళారు. రెండు మంచాల మధ్య దూరం మూడడుగులు. ప్రతి మాటా వినపడింది. తెల్లకణాలు మరీ ఎక్కువ లేవు. క్రోమోజోములు మంచి రకం. వయసు చిన్నది. మొదటి కోర్సుకు లొంగితే మార్పిడి అక్కర్లేదు, ఇంకో మూడు కోర్సులతో సరిపోవచ్చు. ఎలీసమ్మకు అందులో సగం అర్థం కాలేదు. నాకు మొత్తం అర్థమైంది.

ఆ రోజు నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు. బడి డైరీ ఒకటి దగ్గరుంటే, అందులో పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు నా పేరు, కుడివైపు రూతు పేరు రాశాను. వయసు, తెల్లకణాలు, క్రోమోజోములు. ఒక్కోదానికి టిక్కో ఇంటూ మార్కో పెట్టాను. ఆమెవి మూడూ టిక్కులు. నావి మూడూ ఇంటూలు. ఇరవయ్యేళ్ళుగా పిల్లల పేపర్లు దిద్దిన చెయ్యి. ఎవరు పాసవుతారో ఎవరు తప్పుతారో ఆ పేజీ చూస్తే చాలు.

నెల దగ్గరపడ్డాక మజ్జ పరీక్ష మళ్ళీ చేశారు. రూతుకు మజ్జ శుభ్రపడింది. నాకు శుభ్రపడలేదు.

ఎలీసమ్మ ఆనందంతో వార్డంతా బిస్కెట్లు పంచింది. నా చేతిలో కూడా ఒక ప్యాకెట్టు పెట్టింది. రూతు తన మంచం దిగి వచ్చి, నా దుప్పటి సరిచేస్తూ, "నీకు గూడా రెండోసారికి పోద్దిలే టీచరక్కా, ఏడవమాక" అంది. నేను ఏడవడం లేదు. "మంచిదమ్మా" అని గోడవైపు తిరిగి పడుకున్నాను.

అప్పుడు మనసులో ఒక మాట అనుకున్నాను. అదే ఇక్కడ ఒప్పుకోవాల్సింది. ఈ పిల్లకు ఒక్కటంటే ఒక్కటైనా తప్పితే బాగుండు అనుకున్నాను. చచ్చిపోవాలని కాదు. నాలాగా ఒక ఇంటూ మార్కు పడాలని. అంతకంటే మంచి మాటల్లో దాన్ని చెప్పలేను.

నాకు రెండోసారి ఇంకా గట్టి మందు ఇచ్చారు. ఫిబ్రవరిలో మజ్జ శుభ్రపడింది. తమ్ముడికి పరీక్ష చేస్తే అతని మజ్జ నాదానితో పూర్తిగా కలిసింది. మార్పిడికి ఏర్పాట్లు జరిగేలోపు ఇంకో కోర్సు ఇచ్చి ఇంటికి పంపారు. రూతు కూడా తన కోర్సులకు వచ్చి పోతూ ఉండేది. మార్చిలో ఒకసారి రక్త పరీక్షల దగ్గర కలిసింది.

"ఇంకొక్కటే ఉంది టీచరక్కా. అది గూడా అయిపోతే మా అమ్మ మా ఊరి చర్చిలో అందరికీ బిర్యానీ పెడతానంటంది. నువ్వు రావాల."

నేను చూద్దాంలే అన్నాను. ఆమెను నేను ప్రాణాలతో చూడడం అదే ఆఖరు.

ఏప్రిల్ నెల. మందు ఎక్కించుకుని ఇంటికొచ్చి పదకొండో రోజు. మందు దెబ్బకు ఆ రోజుల్లో ఒంట్లో తెల్లకణాలు దాదాపు ఉండవు. చిన్న క్రిమి చేరినా తట్టుకునే శక్తి ఉండదు. జ్వరం వస్తే గంటలు లెక్కపెట్టకుండా ఆస్పత్రికి రావాలని డాక్టరు గారు మరీమరీ చెప్పారు. ఇంటికి ఎవర్నీ రానిచ్చేవాళ్ళం కాదు. కాపలా మా అత్తగారు. ఆమెకు డెబ్భై నాలుగేళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది, చూపు నాకంటే బాగుంటుంది. మోకాళ్ళ నొప్పులతో ఆమె అప్పటివరకు ఒక్కసారి కూడా గుంటూరు ఆస్పత్రికి రాలేదు. రూతును చూసే అవకాశం ఆమెకు లేదు. ఇది గుర్తుంచుకోండి.

గురువారం. మా ఆయన సరుకు కోసం చిలకలూరిపేట వెళ్ళారు, సాయంత్రానికి వస్తానన్నారు. పదకొండు దాటింది. నేను పడకగదిలో పడుకుని ఉన్నాను. అత్తగారు వసారాలో కూర్చుని గోంగూర తుంచుతున్నారు. గేటు గొళ్ళెం తీసిన చప్పుడైంది. మా గేటు గొళ్ళెం తుప్పుపట్టి, తీసినా వేసినా వీధి చివరిదాకా వినపడుతుంది.

బయట మాటలు వినిపించాయి. తర్వాత అత్తగారు కేక వేశారు.

"అరుణా, ఆస్పత్రిలో నీ పక్క మంచం పిల్లంట. వచ్చింది. దూరం నుంచే మాట్లాడి పంపించు."

రూతు వచ్చి గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. ఆకుపచ్చ చీర. తలమీదుగా కొంగు కప్పుకుంది. బుగ్గలు నిండుగా ఉన్నాయి. ఆస్పత్రిలో కళ్ళ కింద ఉండే నలుపు లేదు. మొహానికి మాస్కు లేదు.

మొదట నాకు కోపమొచ్చింది. మేం ఇద్దరం మాస్కు లేకుండా గడప దాటకూడని మనుషులం.

"మాస్కు ఏదే?" అన్నాను.

"నాకింక అక్కర్లేదంట టీచరక్కా."

"మరి ఆఖరి కోర్సు?"

"అయిపోయింది. ఇంక సూదులు గూడా లేవంట నాకు."

ఆ మాటలు ఇప్పుడు తలుచుకుంటే ఇంకో అర్థం వస్తుంది. ఆ క్షణంలో నాకు తట్టింది ఒక్కటే. ఈ పిల్ల గెలిచింది. మందులు అయిపోయాయి, మాస్కు తీసేశారు, పండులాగా అయింది, నడికుడి నుంచి ఈ ఎండలో షికారు వచ్చింది. నాకింకా మార్పిడి ఉంది. నెల రోజులు ఎవర్నీ రానివ్వని అద్దాల గదిలో ఉండాలి. అది నిలబడుతుందో లేదో తెలియదు. కూర్చోమని అనలేదు. ఎలా ఉన్నావని అడగలేదు. మా ఇల్లు ఎలా తెలిసిందని కూడా అడగలేదు.

ఆమె నా వైపే చూస్తూ అంది:

"నీకు జరం వచ్చింది టీచరక్కా."

"నాకేం లేదు. పొద్దున చూసుకున్నా."

"పొద్దున్నించి నోరు ఎండిపోతంది గదా? ఎండలకనుకుంటన్నావు. ఎండలకి గాదు. అట్టే మొదలవుద్ది."

నిజమే. తెల్లవారినప్పటి నుంచి నాలుగు చెంబుల నీళ్ళు తాగాను. అత్తగారితో కూడా ఎండల మాటే అన్నాను.

"మళ్ళా ఒకసారి చూసుకో" అంది. "సాయంత్రం దాకా ఆగమాక. మీ ఆయనొచ్చిందాకా గూడా ఆగమాక. ఎవురుంటే వాళ్ళని తీసుకుని బయలెల్లు."

తను గట్టెక్కి ఇప్పుడు నాకు జాగ్రత్తలు చెప్పడానికి వచ్చిందా అనిపించింది. ఆమె మాట తప్పని చూపించడానికే ధర్మామీటరు తీశాను. మంచం పక్క సొరుగులో ఉంది. అటు తిరిగి తీసి, చంకలో పెట్టుకుని, అది కూత పెట్టేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. నూటొకటి పాయింట్ నాలుగు.

తలెత్తి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు.

అత్తగారు వంటింట్లోంచి మజ్జిగ గ్లాసుతో వచ్చారు. "ఏదీ ఆ పిల్ల? పాపం ఈ ఎండలో చెప్పులు గూడా లేకుండా వచ్చింది" అన్నారు. వెళ్ళిపోయిందేమో అన్నాను. వచ్చినప్పుడు గేటు చప్పుడు విన్నాను. పోయినప్పుడు వినలేదు. అత్తగారు కూడా వినలేదు. కానీ అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు.

నా సంగతి నాకు తెలుసు. ఆమె రాకపోతే ఆ జ్వరం నేను మధ్యాహ్నం ఎప్పుడో చూసుకునేదాన్ని. చూసుకున్నా ఒక మాత్ర వేసుకుని మా ఆయన వచ్చేదాకా ఆగేదాన్ని. ఆ రోజు ఆగలేదు. పక్కింటివాళ్ళ కారులో, అత్తగారిని తోడు తీసుకుని, పావుగంటలో బయల్దేరాను. భయంతో అని చెప్పుకోవచ్చు. నిజానికి పంతంతో బయల్దేరాను. ఆమె అన్నీ పూర్తిచేసుకుని బుగ్గలు వేసుకుని తిరుగుతుంటే, నేను ఇంట్లో జ్వరంతో ఓడిపోయి పడి ఉండడమా అని.

ఫిరంగిపురం దాటాక వణుకు మొదలైంది. అత్తగారు తన చీర కొంగు కూడా నాకే కప్పారు. ఆస్పత్రిలో దింపి బీపీ చూసిన నర్సు, ఇంకోసారి చూసి, డాక్టరు కోసం పరిగెత్తింది. తర్వాత రెండు రోజులు నాకు సరిగ్గా గుర్తులేదు.

రక్తంలో ఇన్‌ఫెక్షన్ చేరింది. మందులకు బీపీ తిరిగి నిలబడింది. మూడో రోజు డాక్టరు గారు వచ్చి, "ఇంకో నాలుగైదు గంటలు ఆలస్యమైతే మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదమ్మా. సమయానికి వచ్చారు" అన్నారు.

అప్పుడైనా నాకు రూతు మీద కృతజ్ఞత కలగాలి కదా. కలగలేదు. ఆమె మాటే నిజమైందన్న ఉక్రోషం మిగిలింది. డ్రిప్ మార్చడానికి వచ్చిన సిస్టరుతో అదే అన్నాను.

"రూతుకు అంతా అయిపోయిందంట కదా సిస్టర్. అదృష్టవంతురాలు. మా ఇంటికొచ్చింది. బుగ్గలొచ్చి ఎంత బాగుందో."

సిస్టరు చెయ్యి డ్రిప్ మీదే ఆగింది. "ఎప్పుడొచ్చింది మేడమ్?"

"గురువారం. నేనిక్కడికి వచ్చిన రోజు పొద్దున."

"జ్వరంలో కలగని ఉంటారు" అని ఆమె గబగబా వెళ్ళిపోయింది.

కాసేపటికి డాక్టరు గారు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆయన కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"రూతు పోయిందమ్మా. సోమవారం మధ్యాహ్నం, ఇక్కడే ఐసీయూలో. ఆఖరి కోర్సు తర్వాత ఇంట్లో జ్వరం వచ్చింది. తీసుకొచ్చేసరికి ఆలస్యమైంది."

సోమవారం. మా గుమ్మంలో నిలబడింది గురువారం. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడు రోజులు తేడా వచ్చింది.

"అన్నీ మంచివే కదండీ ఆమెకు" అన్నాను. "వయసు, క్రోమోజోములు, మొదటి కోర్సుకే తగ్గడం, అన్నీ."

"అవన్నీ నిజమే. వందమందిని కలిపి చూస్తే ఆ మాటలు నిలబడతాయి. ఒక్క మనిషి మంచం దగ్గర నిలబడి చెప్పడానికి చాలవు. జబ్బు తగ్గింది ఆ అమ్మాయికి. మందు వల్ల రోగనిరోధక శక్తి పడిపోయిన రోజుల్లో ఒక జ్వరం తీసుకుపోయింది."

ఆయన వెళ్ళాక నేను ఏడ్చాను. అందులో దుఃఖమెంతో భయమెంతో చెప్పలేను. ఆ జనవరిలో గోడవైపు తిరిగి నేను అనుకున్న మాట నన్ను వదల్లేదు. ఒక్కటైనా తప్పితే బాగుండు అనుకున్నాను. ఒక్కటే తప్పింది.

జ్వరంలో భ్రమపడ్డానని అనుకోవడం నాకు చాలా తేలిక. సైన్సు టీచరుగా మొదట అదే అనుకున్నాను. నూటొకటి జ్వరానికి మనుషులు కనపడరని తెలిసినా సరే, ఒప్పుకుందామనుకున్నాను. కానీ మా అత్తగారికి జ్వరం లేదు.

ఇంటికొచ్చాక, రూతు చనిపోయిన సంగతి చెప్పకుండానే ఆమెను అడిగాను. ఆ రోజు వచ్చిన పిల్ల ఎలా ఉందని.

"బాగానే ఉంది. చిన్న వయసు, చామనఛాయ. పచ్చ చీర కట్టింది. 'పెద్దమ్మా, టీచరక్క ఇల్లు ఇదేనా' అనడిగింది. ఏం, మళ్ళీ వస్తానందా?"

నా ఫోనులో వార్డు ఫొటో ఒకటి ఉంది. ఐదుగురం గుండ్లతో వరసగా నిలబడి దిగింది. చూపించగానే ఆమె రూతు మొహం మీద వేలు పెట్టారు. "ఈ పిల్లే. మొన్న కొంగు కప్పుకుంది కాబట్టి గుండు కనపడలా."

ఎదురింటి అరుగు మీద ఇస్త్రీ బల్ల ఉంటుంది. ఆ గురువారం ఇస్త్రీ అతను పొద్దున్నించి అక్కడే ఉన్నాడు. నన్ను కారెక్కించడం చూశాడు. ఎవరైనా ఆడమనిషి వచ్చిందా అంటే లేదన్నాడు. నేనూ అతని మాట కాదనలేను. మా ఇంటి అడ్రసు రూతుకు ఎప్పుడూ ఇవ్వలేదు. నరసరావుపేట అని మాత్రమే తెలుసు.

ఆ జూన్‌లో నాకు తమ్ముడి మజ్జ ఎక్కించారు. మొదటి మూడు నెలలు నానా యాతనా పడ్డాను. కానీ నిలబడింది. ఏడాది దాటాక, బయట తిరగొచ్చని డాక్టరు గారు అన్నాక, మొదటి ప్రయాణం నడికుడికే పెట్టుకున్నాను. మా ఆయన తోడొచ్చారు. పొద్దున రైలెక్కి పది గంటలకల్లా దిగాం. స్టేషన్‌లో అడిగితే ఎలీసమ్మ ఇల్లు చూపించారు. మా ఆయన వీధి మొదట్లో కాఫీ హోటల్ దగ్గర ఆగిపోయారు. ఆడవాళ్ళు మాట్లాడుకోండి అన్నారు.

ఎలీసమ్మ పంచలో కూర్చుని ఎండు మిరపకాయల ముచ్చికలు తీస్తోంది. నాకు జుట్టు వచ్చింది కాబట్టి వెంటనే పోల్చుకోలేదు. పోల్చుకున్నాక చేతులు తుడుచుకుని నా తల నిమిరింది. "నిలబడ్డావామ్మా. మంచిది" అంది. ఆ మాటలో ఏమీ లేదు, నిజంగానే సంతోషించింది.

రూతు సంగతి తనే ఎత్తింది.

"ఆ పొద్దున నోరెండిపోతందమ్మా అనింది. ఎండలకేమోలే అన్నా. నీళ్ళు తాగుతానే ఉంది. మజ్జాన్నానికి ఒళ్ళు కాలింది. పోదామా అంటే, అల్లుడు డూటీ దిగి సాయంత్రానికి వస్తాడు, ఆయనొచ్చినాక పోదాంలే అన్నా. నేనే అన్నానమ్మా. ఆగుదామని నేనే అన్నా."

నోరు ఎండిపోవడం, ఎండలు, సాయంత్రం దాకా ఆగడం, భర్త వచ్చేదాకా ఆగడం. మా గుమ్మంలో రూతు చెప్పిన ప్రతి మాటా తన ఇంట్లో జరిగిందే. వాటిని నాకు ఎవరూ అప్పటిదాకా చెప్పలేదు. డాక్టరు గారికి కూడా ఇంత వివరంగా తెలియదు.

చెప్పకుండా వచ్చేద్దామని ఒక క్షణం అనుకున్నాను. కానీ చెప్పాను. గురువారం, పదకొండు దాటాక, పచ్చ చీర, మాస్కు లేకపోవడం, అన్న మాటలు. ఎలీసమ్మ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అబద్ధమనలేదు. భయపడలేదు.

"బుగ్గలు వచ్చినయ్యా దానికి?" అంది చివరికి.

"వచ్చాయమ్మా. కళ్ళ కింద నలుపు కూడా పోయింది."

"నవ్విందా?"

"నవ్వలేదు. తొందరలో ఉన్నట్టుంది."

ఆమె తల ఊపింది. మిరపకాయ ఒకటి చేతిలోకి తీసుకుని, ముచ్చిక తీయకుండా అలాగే పట్టుకుంది. చూస్తూ ఉండగానే ఆమె మొహం మారింది. ఇందాక నా తల నిమిరిన మనిషి కాదు. నన్ను పై నుంచి కింది దాకా చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. నాలుగు నెలలు రూతును నేను అలాగే చూశాను.

"నా దగ్గరికి రాలా" అంది. "సంవత్సరం దాటిపోయింది. ఒక్కసారంటే ఒక్కసారి రాలా. కల్లోకి గూడా రాలా. పాస్టరు గారేమో అట్టాంటియి ఉండవమ్మా అంటాడు. సరేలే, ఉండవులే అని ఊరుకున్నా. ఉండకపోతే నీకెట్టా కనపడింది?"

ఆమె తెరిచి ఉన్న తలుపు వైపు చెయ్యి చూపించింది.

"నేను కన్నదాన్ని. పగలనక రేత్రనక తలుపు తీసే పెట్టుకుని కూచుంటన్నా. నువ్వు దానికి ఏమవుతావమ్మా? పక్క మంచం. నీ దగ్గరికి నరసరావుపేట దాకా నడిచొచ్చిందే, ఈ గడప దానికి కనపడలేదా?"

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి లాక్కుంది. తిట్టలేదు. ఏడవలేదు. మళ్ళీ మిరపకాయల ముందుకు జరిగి, "ఎండెక్కుతంది, పోమ్మా. నీ ఒంటికి మంచిది గాదు" అంది. గోడవైపు తిరిగి నేను అనుకున్న మాట ఆమెకు చెప్పి క్షమించమని అడగాలని వెళ్ళాను. అడగకుండానే లేచి వచ్చేశాను.

ఇప్పటికి నా జబ్బు తగ్గి రెండేళ్ళు. మూడు నెలలకోసారి పరీక్షకు వెళుతున్నాను. బడిలో మళ్ళీ పాఠాలు చెబుతున్నాను. దయ్యాలున్నాయా అని పిల్లలడిగితే లేవనే చెబుతాను. ఆ రోజు మా ఇంటికి ఎవరు వచ్చారో, మా అత్తగారు ఎవరితో మాట్లాడారో నాకు తెలియదు. ఎన్ని విధాల ఆలోచించినా తేలలేదు.

దానికంటే తేలనిది ఎలీసమ్మ అడిగిన ప్రశ్న. ఆ పిల్ల నా నోటి నుంచి ఒక్క మంచి మాట కూడా వినలేదు. ఆమె బాగుండాలని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. అయినా నా దగ్గరికే వచ్చింది. నడికుడిలో ఆ తలుపు ఇప్పటికీ తీసే ఉంది.